పసుపు రాసిన ఉత్తరాలు

మొన్న అరిజోనాలోని చాండ్లర్ నుంచి మా చెల్లెలి కూతురి పెళ్ళి శుభలేఖ పోస్టులో వచ్చింది. కవరు విప్పగానే మూలలకు రాసిన పసుపు కాస్త ఒళ్ళో రాలింది. దులుపుకోబోయి అలాగే కూర్చుండిపోయాను. కిటికీ అవతల మంచు పడుతోంది. మిషిగన్‌లోని ఈ నోవైలో ముప్పయ్యేళ్ళుగా ఉంటున్నా, మంచు పడుతున్నంతసేపూ మా ఇంట్లో చప్పుళ్ళన్నీ పక్కింట్లోంచి వస్తున్నట్టే ఉంటాయి నాకు. అలాంటప్పుడే ఆ పిల్ల గుర్తొస్తుంది.

మా పిల్లలిద్దరూ కాలేజీలకు వెళ్ళిపోయాక, రెండువేల తొమ్మిదిలో అనుకుంటా, మావారూ నేనూ ఫాస్టర్ పేరెంట్స్‌గా లైసెన్స్ తీసుకున్నాం. అంటే కన్నవాళ్ళు చూసుకోలేని పిల్లల్ని, కోర్టు ఏదో ఒకటి తేల్చేదాకా, మన ఇంట్లో పెంచడం. "హాయిగా క్రూజ్‌కి వెళ్ళక మీకెందుకండీ ఈ తలనొప్పి?" అన్నారు స్నేహితులు. అలాంటి పిల్లల బాగోగులు చూసే ఏజెన్సీవాళ్ళు మాకు నాలుగేళ్ళ పిల్లను పంపారు. మొదటి రెండు రోజులూ షూస్ విప్పనంది, వాటితోనే పడుకుంది. మూడో రోజు పప్పన్నంలో నెయ్యి వేసి పెడితే, ఒక షూ విప్పింది. వాళ్ళమ్మ రెండు గంటల డ్రైవ్ దూరంలో జైల్లో ఉంది. నొప్పి మాత్రలకు అలవాటుపడి, దొంగ ప్రిస్క్రిప్షన్లు రాసుకుని దొరికిపోయిందట. ఇరవై రెండు నెలల్లో పదిహేను నెలలు పిల్ల ఇలా పరాయి ఇంట్లో గడిపితే, తల్లి హక్కులు రద్దు చేయమని ఏజెన్సీ కోర్టును అడగాలి. రద్దయితే కన్నతల్లి ఇక చట్టానికి తల్లి కాదు, పిల్లను మేం దత్తత తీసుకోవచ్చు. తీసుకుంటామని సంతకం కూడా పెట్టాం. దాచడమెందుకు, నాకు ఆ పిల్ల కావాలి.

నెలకోసారి పిల్ల ఏదో బొమ్మ వేస్తే, దాని కింద నాలుగు ముక్కలు రాసి తల్లికి పంపేదాన్ని. ఆవిడ పెన్సిల్‌తో జవాబు రాసి, చివర ఒక పిల్లి బొమ్మ వేసేది. పిల్లను కిండర్‌గార్టెన్‌లో చేర్చిన నెల, శుభవార్త కదా అని, మా అమ్మ చేసినట్టే ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు రాశాను. పిల్లకది భలే నచ్చింది. ఆ తర్వాత ఉత్తరం రాసిన ప్రతిసారీ పసుపు డబ్బా తనే మోసుకొచ్చేది. మూలలా, మధ్యలోనా అన్న పట్టింపు లేదు, చిటికెలు చిటికెలుగా పూసేసేది. సరిగ్గా అప్పటినుంచే జవాబులు ఆగిపోయాయి.

ఐదు నెలలు. మొదట ఆవిడ మీద కోపం వచ్చింది. తర్వాత వచ్చింది కోపం కాదు, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, సంతోషమే. ఆ చలికాలం నాకు సగం నిద్రలో గడిచినట్టుంటుంది. మధ్యాహ్నం స్కూల్ బస్సు దిగి, పొద్దున వెళ్ళేటప్పుడు మంచులో పడ్డ తన అడుగుల్లోనే మళ్ళీ అడుగులు వేసుకుంటూ పిల్ల వచ్చేది. చల్లని చెంపలు నా చేతులకు ఆనించి, స్కూల్లో జరిగినవీ జరగనివీ కలిపి చెప్పేది. చెబుతూ చెబుతూ నా ఒళ్ళోనే నిద్రపోయేది. కదిలితే లేస్తుందేమోనని పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవని రోజులున్నాయి. మేడమీద గదికి లేతనీలం రంగు వేయించాం.

తల్లి హక్కుల రద్దు మీద కోర్టులో హియరింగ్‌కి వారం ఉందనగా, ఏజెన్సీలో కొత్తగా చేరిన కేస్‌వర్కర్ అమ్మాయి పాత ఫైళ్ళు సర్దుతుంటే దొరికాయంటూ ఐదు కవర్లు తెచ్చి ఇచ్చింది. అన్నీ నేను రాసినవే. మా ఇంటి అడ్రస్ ఇవ్వకూడదు గనక కవరు మీద ఏజెన్సీ అడ్రస్ వేసేదాన్ని, జైలువాళ్ళు అక్కడికే తిప్పి పంపారు. ప్రతిదాని మీదా ఎర్ర స్టాంపు, అనుమానాస్పదమైన పొడి ఉందని. ఉత్తరాల్లో ఆంత్రాక్స్ విషం పంపి మనుషుల్ని చంపిన గొడవ తర్వాత, ఆ రోజుల్లో కవర్లో పొడి అంటే దేశమంతా హడలిపోయేది. ఎవరు ఏం పంపుతున్నారని ఆ తల్లినే నిలదీసి, ఆవిడ ఉత్తరాలు రాసుకోవడం కూడా ఆపించారట. "ఫైల్లో పెట్టనా, మీరే ఉంచుకుంటారా?" అని అడిగింది ఆ అమ్మాయి. ఉంచుకుంటానన్నాను.

మావారు కవర్లన్నీ తిరగేసి చూసి, "హియరింగ్‌లో చెప్తావా?" అన్నారు.

"చెప్పకపోతే ఏమవుతుందండీ?"

"ఏమీ కాదు, ఎవరూ అడగరు. కానీ నీకు నిద్ర పట్టదు. నీ పక్కన నాకూ పట్టదు."

కోర్టులో ఆ తల్లి లేదు, బల్ల మీద స్పీకర్ ఫోన్ ఉంది. ఐదు నెలలుగా బిడ్డకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదని ఏజెన్సీ లాయరు చెబుతుంటే, ఫోన్లోంచి "నన్ను రాయనివ్వలేదు" అని సన్నటి గొంతు వినిపించింది. ఎవరూ పట్టించుకోలేదు. హ్యాండ్‌బ్యాగ్ నా ఒళ్ళోనే ఉంది, కవర్లు అందులోనే ఉన్నాయి. చెయ్యెత్తాను. ఆ చెయ్యి నాది కానట్టే అనిపించింది. అది కూరల్లో వేసుకునే పసుపేననీ, మంచి కబురుకు మేం అలా రాస్తామనీ చెప్పాను. జడ్జిగారు ఒక కవరు వాసన చూసి, "ఇంతకీ మంచి కబురేమిటి?" అని అడిగారు.

"పిల్లను కిండర్‌గార్టెన్‌లో చేర్చామని."

ఫోన్లోంచి "స్కూల్‌కి వెళ్తోందా?" అంది ఆ తల్లి.

హక్కులు రద్దు కాలేదు. విడుదలకు ఇంకెన్నో నెలలు లేవని జడ్జిగారు గడువిచ్చారు. ఆవిడ బయటికొచ్చి, చెప్పిన క్లాసులన్నీ పూర్తి చేసి, ఒక బేకరీలో పని వెతుక్కుంది. మరుసటి వేసవిలో పిల్లను తీసుకెళ్ళడానికి మా ఇంటికొచ్చింది. నేను ఊహించుకున్నంత పొడగరి కాదు. పప్పులో నెయ్యి ఎంత వెయ్యాలో అడిగి, అరచేతి మీద రాసుకుంది. పిల్ల పరిగెత్తుకెళ్ళి కారెక్కి, ఊగుతున్న పన్ను వాళ్ళమ్మకు చూపించే పనిలో పడిపోయింది. నేను నోరు మూసుకుని ఉంటే ఆ పన్ను నా దోసిట్లో ఊడేది. ఒక్కసారి తిరిగి చూస్తుందేమోనని, కారు మలుపు తిరిగేదాకా డ్రైవ్‌వేలో నిలబడ్డాను. చూడలేదు. చాలా రోజులు అదే పట్టుకుని ఏడ్చాను. ఆరేళ్ళ పిల్లకు వెనక ఏముంటుంది చూడటానికి, దాని కాలమంతా ముందే ఉంటే? వెనక్కి చూసే వయసు నాది.