అద్దాల పెట్టెకు దసరా పూజ

మిర్యాలగూడలో మా ముందుగదిలోనే పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తుంటాను. కిందటేడు సూర్యాపేట నుంచి పెద్ద అద్దాల కేసు తెచ్చి, అందులో నా చేతులతోనే కంప్యూటర్ బిగించుకున్నాను. లోపల గాలి బాగా ఆడేది, రంగుల లైట్లు వెలిగేవి. వచ్చినవాళ్లంతా కళ్లప్పగించి చూసేవాళ్లు. రైస్ మిల్లుల దుమ్ము కూడా అంతే బాగా కనిపించేది. రోజూ తుడవలేక చచ్చేదాన్ని.

దసరానాడు పూజకు ముందు కంప్యూటర్ ఆపబోతే అత్తమ్మ ఒప్పుకోలేదు. "పూజకాడ ఎలిగే దీపం ఆర్పుతరా బిడ్డా? ఉండనియ్యి" అంది. నేను కర్పూరం కోసం వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కేసులో మెరుపు, కాలిన వాసన. ఆమె చేతిలో పసుపు నీళ్లు కారుతున్న మామిడాకు.

"అంతట అద్దమే ఉన్నదనుకుంటి బిడ్డా..."

వేడి పోవడానికి పైన ఉన్నది జాలీ. ఆమె చల్లిన నీళ్లు అందులోంచే లోపలికి దిగాయి. హార్డ్ డిస్కు కూడా కాలిపోయింది. బాగుచేయించడానికి హైదరాబాద్ పంపినా ఒక్క వీడియో కూడా తిరిగి రాలేదు.

అందులో మాడుగులపల్లి అమ్మాయి పెళ్లి వీడియో ఉంది. కెమెరా కార్డులు అప్పటికే చెరిపేశాం. పెళ్లయిన నెలకే వాళ్ల నాన్న చనిపోయాడు. అప్పగింతల్లో ఆయన ఏడ్చిన వీడియో కోసం ఆమె వచ్చింది. జరిగింది చెప్పాను. కేసు ముందు కూర్చుని, లోపలికి చూస్తూ, "అన్ని మంచిగనే కనవడుతున్నయి గదక్కా, మా నాయిన ఎట్ల పోతడు?" అంది.

అన్నీ కనిపించాలనే ఆ కేసు కొన్నాను. ఆమె వెళ్లాక దానిమీద పాత చీర కప్పేశాను. ఇప్పటికీ తీయలేదు.