పొయ్యిలో ఊరిన నీళ్ళు

ఈ రోజు కార్తీక పౌర్ణమి. పొద్దున కాఫీ తాగుతుండగా ఫోనులో ఒక వీడియో వచ్చింది. పంపింది మా ఆడపడుచు కూతురు, నాకు మేనకోడలు. తానే ఇప్పుడు మనవరాలిని చంకనెత్తుకుని తిరిగే వయసుకు వచ్చింది. ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే కార్లలో బయలుదేరి, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న దీవికి పడవలో దాటారట. మెత్తటి ఇసుక, వెనక సరుగుడు చెట్లు, రంగురంగుల గొడుగులు, పిల్లలకు ఉయ్యాలలు, అంతా చూడముచ్చటగానే ఉంది. అయితే మేనకోడలి కొడుకు దుప్పటి పరిచేముందు మడమతో ఇసుకను గట్టిగా తొక్కి చూసి, బాగుందన్నట్టు తల ఊపాడు. అది చూశాక కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను.

ఆ తొక్కడం మా మామగారిది. మిరప పండించే ఇళ్ళలో పెరిగిన నా ఈడువాళ్ళకు దాని సంగతి చెప్పక్కర్లేదు. పండుమిరపకాయలు ఆరబోసే కల్లానికి నేల చదునుగా, గట్టిగా ఉండాలి కదా. నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికాక ఇంటిపెద్ద మడమతో తొక్కి చూసేవాడు, మడమ దిగకపోతే అది మంచి నేల. పర్చూరు దగ్గర మా అత్తవారి ఊళ్ళో మా మామగారు తొక్కి సరేనన్న నేలకు వంకపెట్టిన మనిషి లేడు.

నాకు పెళ్ళయిన తరవాత వచ్చిన మొదటి కార్తీక పౌర్ణమికి మా అత్తవారు సముద్రస్నానానికీ, వంటలు చేసుకుని తినిరావడానికీ ఈ దీవికే వెళ్ళారు. అప్పట్లో అక్కడ గొడుగులూ లేవు, ఉయ్యాలలూ లేవు, జాలరుల పడవ దించి వెళ్ళిపోతే మనమూ ఇసుకా సరుగుడు చెట్ల హోరూ, అంతే. చెట్ల కింద ఇసుక వదులుగా ఉండి కాళ్ళు కూరుకుపోతుంటే మా మామగారు విసుక్కుని, ఒక పల్లం దాటి సముద్రం వైపు నడిచి, అక్కడ అద్దంలా పరుచుకున్న నేలను మడమతో తొక్కి, "కల్లమంటే ఇదిరా! ఎవడు అలికాడో గానీ మడమ దిగట్లా!" అని మురిసిపోయారు. వెంటనే చాపలు, గుండిగలు, పొయ్యిరాళ్ళు అన్నీ అక్కడికే చేరాయి. ఆ నేలను అలికింది ఎవరో మాలో ఒక్కరికీ తట్టలేదు. మెట్ట పొలాల వాళ్ళం, గట్టి నేలంటే మాకు నమ్మకం.

కొత్త కోడలిని గనక పొయ్యి నా వంతు. మా ఆడపడుచు తన నెలల పిల్లను పొగ తగలకుండా దూరంగా, పల్లం అంచున చాప మీద పడుకోబెట్టి, నల్లగొడుగు ఆన్చి, అందరితో పాటు నీళ్ళలోకి దిగింది. వాళ్ళు అరటిదొప్పల్లో దీపాలు వదులుతున్నారు, నేను పొయ్యికోసం ఇసుకలో గుంట తవ్వుతున్నాను. పుల్లలు ఎంత ఊదినా పొగే తప్ప మంట రావడం లేదు. తీసి చూస్తే గుంట అడుగున నీళ్ళు తళతళలాడుతున్నాయి. చేత్తో తోడేశాను, మళ్ళీ ఊరాయి. తల ఎత్తేసరికి వాళ్ళు వదిలిన దీపాల్లో ఒకటి, ఆరిపోయి, నా వైపుకే తిరిగి వస్తోంది.

నేను గట్టిగా పిలిచి, "అత్తయ్యగారూ, పొయ్యిలో నీళ్ళు ఊరుతున్నాయండీ!" అన్నాను. అన్నది అంతే.

"పండగపూట పొయ్యిలో నీళ్ళంటావేంటే! నోరా అది?" అని ఆవిడ తడిబట్టలతోనే గుడ్లురిమారు. మా ఆడపడుచు అందుకుని, "పుట్టింట్లో పొయ్యి వెలిగించడం నేర్పలేదులే అమ్మా, నీళ్ళమీద పెడుతోంది" అంటే అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. అది నేను మర్చిపోలేదు.

పౌర్ణమి పోటుకు నీళ్ళు ఎదురుగా వస్తాయని కదా ఎవరమైనా చూస్తాం. అవి వెనకనుంచి వచ్చాయి. వస్తున్నప్పుడు పొడిగా దాటిన పల్లం ఉప్పుటేరు వైపునుంచి చప్పుడు లేకుండా నిండుతోంది. గొడుగు నెమ్మదిగా కదిలి, పక్కకు ఒరిగి, తేలింది. పొయ్యి వదిలేసి పరుగెత్తాను. చాప అప్పటికే అడుగున తడిసి ఒక మూల లేస్తోంది, పిల్ల నిద్రలోనే వేళ్ళు చీకుతోంది. దాన్ని భుజం మీదికి ఎత్తుకుని, మొలలోతు నీళ్ళలో చీర కాళ్ళకు చుట్టుకుంటుంటే పల్లం దాటి సరుగుడు చెట్ల కింద కూలబడ్డాను. వెనక మిగిలినవాళ్ళు కేకలు పెడుతూ ఒకరినొకరు పట్టుకుని వచ్చిపడ్డారు. గుండిగలు పోయాయి. మామగారు మెచ్చిన కల్లం కూడా కళ్ళముందే పోయింది.

ఎవరైనా నన్నొక మంచిమాట అంటారనుకున్నాను. ఇంటికి చేరగానే మా అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తూ, నా మొహంలోకి చూసి, "నోటిదిష్టి పోవాలి" అన్నారు. ఘాటు కమ్మి ఇల్లంతా దగ్గింది. ఘాటొస్తే దిష్టి లేనట్టేనని మన వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. తెలిసీ ఆ రోజునుంచి "దాని నోరు మంచిది కాదు" అన్న మాట నాకు అంటించేశారు. శుభకార్యాల్లో పొయ్యి వెలిగించడానికి నన్ను మళ్ళీ పిలవలేదు. నేను భుజాన మోసిన ఈ మేనకోడలు కూడా ఆ కథ వాళ్ళమ్మ చెప్పినట్టే నమ్మి పెరిగింది.

అందుకే ఈ పొద్దున ఊరుకుందామా అనుకున్నాను, ఊరుకోలేక ఫోన్ చేశాను. పైకి, చెట్లలోకి జరగండని నేను అంటుండగానే, "అత్తయ్యా, ఇక్కడ లైఫ్ జాకెట్లున్నాయి, మనుషులున్నారు, ఫ్యామిలీల కోసమేగా ఇదంతా పెట్టింది! పండగపూట మళ్ళీ మొదలుపెట్టకు" అంది. వెనకనుంచి ఎవరో, "మామ్మ తుఫాను హెచ్చరిక ఇచ్చిందా?" అన్నారు, నవ్వులు వినిపించాయి, ఫోన్ ఆగిపోయింది.

ఇప్పుడు కల్లాలు ఎవరూ అలకడం లేదు, పట్టాలమీద ఆరబోస్తున్నారు. మా పొలాలు కౌలుకిచ్చి చాలాకాలమైంది, ఆ కుర్రాడు మిరపకాయల కల్లం చూసి ఉండడు. అయినా తాతల మడమ వాడికి వచ్చింది. నా మాట మాత్రం ఎవరికీ రాలేదు.

వీడియో ఈసారి చివరిదాకా చూశాను. మేనకోడలి మనవరాలు దుప్పటి పక్కన కూర్చుని ప్లాస్టిక్ గరిటెతో గుంట తవ్వుతోంది. ఉన్నట్టుండి లేచి గంతులేస్తూ, "నీళ్ళొచ్చాయ్! నానమ్మా, నీళ్ళొచ్చాయ్!" అని అరిచింది. ఆ మాట అన్నందుకు మా రోజుల్లో నోరు మూయించారు. ఇప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడూ ఇప్పుడూ వంగి గుంటలోకి చూసినవాళ్ళు లేరు.

ఫోన్ మళ్ళీ చేస్తున్నాను. మోగుతోంది.