రెండు వార్డులకు ఒక నర్సు

కురబలకోట బాలప్ప కూతురు మునిరత్నమ్మ మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అందరూ రత్నమ్మ అనేవాళ్లు. నెమ్మదైన మనిషే గానీ, అక్కడ డ్యూటీలు వేసే తీరు చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. కాన్పుల వార్డులో ఇద్దరు చేయాల్సిన పని ఒకరి నెత్తిన రుద్దేవాళ్లు. ఇదేందని అడిగితే, "నువ్వేమన్నా సూపరింటెండెంటువా?" అనేవాళ్లు. సరే, అదే అవుదామనుకుంది. దానికి నర్సింగ్ అడ్మినిస్ట్రేషన్‌లో డిగ్రీ కావాలి.

2001 ఎండాకాలంలో సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి కాలేజీలు చూసొచ్చింది. పుంగనూరు బస్టాండు ఎదురుగా మేడమీద ఒకాయన, "క్లాసులకు రానక్కర్లేదమ్మా, పరీక్షకొస్తే సాలు. ఇంత తక్కువలో యాడా దొరకదు" అన్నాడు.

"మరి వార్డు పని యాడ నేర్పిస్తారప్పా?" అని అడిగితే, లేచి ఫ్యాను పెంచాడు.

బెంగుళూరులో ఒకటి చూసింది. బిల్డింగంతా అద్దాలే. ఆ ఫీజు కట్టాలంటే నాయన చేను అమ్మాలి. చివరికి కుప్పం పోయింది. అక్కడ ఆఫీసులోకి పోకుండా ముందు కాలేజీ ఆసుపత్రిలోకి నడిచింది. మంచాల నిండా రోగులు, వాళ్ల పక్కన పని నేర్చుకుంటున్న విద్యార్థులు. నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉంది. ఫీజు తన జీతంలో దాచుకున్నదాంతో గట్టెక్కుతుంది. అక్కడే చేరాలనుకుంది. ఆ ఎంపికలో ఆమె ఏ పొరపాటూ చేయలేదు.

చిక్కంతా ఉద్యోగం దగ్గర వచ్చింది. చదువుకని పోతే ఆ చోట్లో వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు ఆసుపత్రి నడిపే పెద్ద డాక్టరు. అప్పుడు చెంగమ్మ అడ్డం పడింది. చెంగమ్మ ఆయాగా చేరి, చేస్తా చేస్తా నర్సు పనిలోకి వచ్చిన మనిషి. ఏ సర్టిఫికెట్టూ లేదు. రత్నమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆసుపత్రి హాస్టల్ కూడు తినలేక ఏడిస్తే, తన క్యారియరు సగం పెట్టింది ఆమే.

"దాని వార్డు గూడా నేనే సూసుకుంటా సార్. దాని ఉద్యోగం మాత్రం తీయొద్దండి" అని డాక్టరును బతిమాలింది. బయటికొచ్చి, "పో మే, సదువుకో. నువ్వు పైకొస్తే మాకందరికీ మేలే గదా" అంది.

రెండేళ్ల తర్వాత రత్నమ్మ డిగ్రీతో తిరిగొచ్చింది. డాక్టరు ఆమెను సూపరింటెండెంటును చేసి, ఆ వారమే గదిలోకి పిలిచాడు.

"చెంగమ్మ ఇన్నాళ్లూ రెండు వార్డులు ఒక్కతే చూసింది. ఏమైంది? ఏమీ కాలేదు. ఇక అందరికీ అదే పద్ధతి. ఇంకోటి, ఇన్‌స్పెక్షన్ వస్తోంది. సర్టిఫికెట్ లేనివాళ్లను తీసెయ్యాలి, చెంగమ్మతో సహా."

 "సార్, నాకోసమని ఆమె ఒళ్లు హూనం చేసుకుంది. అట్ల చేయించకూడదనే గదా నేను చదువుకొచ్చింది?" అంది రత్నమ్మ.

"నీ డిగ్రీ నాకు కావాల్సింది ఇన్‌స్పెక్షన్‌కు. ఇష్టం లేకపోతే చెప్పు, ఈ ఆర్డర్ల మీద సంతకం పెట్టేవాళ్లు బయట చాలామంది ఉన్నారు."

ఆమె రెండ్రోజులు లోలోపల నలిగిపోయింది. దాచుకున్నదంతా చదువుకే అయిపోయింది. నాయనకు పక్షవాతం. మూడో రోజు ఆ రెండు ఆర్డర్ల మీదా సంతకం పెట్టింది.

చెంగమ్మ గొడవ చేయలేదు. సామాను సర్దుకుని, రత్నమ్మ గది ముందు నిలబడింది.

"అక్కా, నేను పెట్టకపోయినా ఇంకొకరు పెట్టుంటారు" అంది రత్నమ్మ.

"అవును మే, పెట్టుంటారు. ఆ ఇంకొకరే పెట్టుంటే బాగుండు" అని చెంగమ్మ మెట్లు దిగిపోయింది.

తర్వాత చెంగమ్మ వాల్మీకిపురంలో ఒక ముసలాయనకు సేవ చేసే పనిలో కుదిరిందని తెలిసింది. రత్నమ్మ రెండుసార్లు పోయింది. రెండుసార్లూ చెంగమ్మ లోపల పనుందని కబురంపింది.

ఇక్కడ ఆసుపత్రిలో వార్డులు కొత్త పద్ధతిలోనే నడిచాయి. ఒక్క నర్సే అటూ ఇటూ పరుగెత్తడం చూడలేక, రత్నమ్మ కొన్నాళ్లు తనే పోయి కట్లు కట్టింది, సెలైన్లు మార్చింది. డాక్టరు చూసి, "సూపరింటెండెంటు చేసే పనా ఇది? జనం ఏమనుకుంటారు?" అని అందరి ముందూ కసిరాడు. ఆమె చేతులు కడుక్కుని గదిలోకి పోయింది. ఆపైన మళ్లీ వార్డు పని ముట్టలేదు.