పైకప్పు లేని కారుకు ఏసీ

ఆ రోజుల్లో బండ్ల గురించి నాకు తెలియని విషయం ఒక్కటే ఉండేది, అది ఇంజను. మిగతావన్నీ తెలుసు. జగిత్యాల దగ్గర పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేశాను. అక్కడి ల్యాబులో నిలువునా సగానికి కోసి, లోపలి భాగాలకు ఎరుపు, నీలం రంగులు వేసి పెట్టిన ఇంజను ఒకటి ఉండేది (మేము చేరక ముందు నుంచీ అలాగే ఉంది, ఇప్పటికీ అలాగే ఉండి ఉంటుంది). చేత్తో తిప్పితే పిస్టన్ పైకీ కిందికీ పోయేది. మూడేళ్ళలో దాన్ని నేను నాలుగుసార్లు తిప్పాను. ఒమన్‌కు వచ్చేటప్పుడు ఏజెంటు చెప్పాడని సీవీలో మూడేళ్ళ అనుభవం అని రాయించి, అనుభవం అంటే ఇదే కదా అని నన్ను నేను ఒప్పించుకున్నాను. కంపెనీ వాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. అజైబాలో వాళ్ళకు పెద్ద వర్క్‌షాపు ఉంటే, దాని పక్క స్టోర్లో కూర్చోబెట్టి, అడిగినవాడికి నట్లూ ఫిల్టర్లూ అందించే డ్యూటీ వేశారు. మధ్యలో గాజు కిటికీ. అవతల లిఫ్టుల మీద బండ్లు పైకి లేస్తూ ఉండేవి, ఇవతల నేను స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండేవాడిని. ఆ కిటికీ దాటి అవతలికి పోవడం తప్ప నాకు వేరే కోరిక లేదు. అమ్మకు మాత్రం ఫోన్లో అప్పటికే దాటేశాననే చెప్పాను.

కంపెనీ యజమాని చిన్న కొడుకుని మేమంతా చిన్న అర్బాబ్ అనేవాళ్ళం (ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటారు). ఆయనకు సొంతంగా ఒక కారు తయారు చేసుకోవాలని కోరిక పుట్టింది. పాతకాలపు రెండు సీట్ల కారు, పైన కప్పు ఉండనిది. దాని ఫైబర్ బాడీనీ, ఇనుప ఫ్రేమునీ పెద్ద చెక్కపెట్టెలో విదేశం నుంచి తెప్పించి, బర్కాలో వాళ్ళ ఖర్జూర తోటలోని షెడ్డులో దించుకున్నాడు. పెట్టెలో బాడీ వస్తుంది గానీ ప్రాణం రాదు. అందుకోసం ఇంకో కారు చావాలి. ఇంజను, గేర్‌బాక్సు, స్టీరింగు, వెనక ఇరుసు, వైర్లు అన్నీ ఇచ్చేసి తనువు చాలించే ఆ మహానుభావుడిని డోనర్ కారు అంటారు. ఒకరోజు చిన్న అర్బాబ్ స్టోర్ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మాతో ఆయన హిందీలోనే మాట్లాడేవాడు, నన్ను మొహందిస్ అని పిలిచేవాడు. అరబ్బీలో ఇంజనీరు అని అర్థం. ఆ పిలుపు వినబడితే నాకు చెమట పట్టేది.

"మొహందిస్, నువ్వు ఆటోమొబైల్ చదివావు కదా."

"చదివాను అర్బాబ్."

"మూడేళ్ళ అనుభవం కూడా ఉంది."

"ఉంది అర్బాబ్."

"శుక్రవారం బర్కాలో పాత బండ్ల యార్డుకు పోయి నాకు డోనర్ తీసుకురా. బాడీ ఎలా ఉన్నా ఫర్వాలేదు, పారేస్తాం. రెండే చూడు. ఇంజను బాగుండాలి. వెనక చక్రాలను తిప్పే బండి అయి ఉండాలి. ముందు చక్రాలను తిప్పేది నా ఫ్రేముకు పనికిరాదు. సరైనది తెస్తే వర్క్‌షాపులోకి తీసుకుంటాను."

తేకపోతే ఏమవుతుందని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. "తేకపోతే నీ సీవీ ఇంకోసారి చదువుతాను."

రూవిలో మా రూమ్‌లోనే ఉండే ఏసీ మామను వెంటబెట్టుకుని పోయాను. మావి పక్క పక్క ఊళ్ళు, అందుకని మామ. ఇరవై ఏళ్ళుగా ఏసీలు బాగుచేస్తున్నాడు, అందుకని ఏసీ. ఈ ఎండలో పాత బండి కొనేవాడెవడైనా మొదట ఏసీ వేసి చూస్తాడు, అది నచ్చితే మిగతా బండి సంగతి ఆలోచిస్తాడు. మా జిల్లావాళ్ళు ఎవరు బండి కొన్నా మామ ఉండాల్సిందే. ఆయన ముందు సీట్లో కూర్చుని, గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు మూసుకుని, కాసేపటికి "తీస్కో" అంటాడు, లేదా "వద్దు" అంటాడు. ఆయన వద్దన్న బండిని కొన్నవాడు మా వాళ్ళలో లేడు. అంతటి పెద్దమనిషి తోడు వస్తానంటే నాకు సగం ధైర్యం వచ్చింది. మిగతా సగం దారిలో వస్తుందనుకున్నాను.

చిన్న అర్బాబ్ డ్రైవరు మమ్మల్ని యార్డు దగ్గర దింపి వెళ్ళిపోయాడు. జూన్ నెల. యార్డు చూసుకునే పఠాన్ చాచా, ఏది నచ్చితే అది తీసుకుపొమ్మని అర్బాబ్ ముందే మాట్లాడాడని చెప్పి, మళ్ళీ తన రేకుల గదిలోకి పోయాడు. మొదట చూసింది బూడిద రంగు బండి. దాని టాపు నుజ్జయి సీట్ల దాకా దిగిపోయి ఉంది. కిటికీలోంచి చెయ్యి దూర్చి స్టార్ట్ చేస్తే ఇంజను వెంటనే అందుకుని, ఏ అరుపూ లేకుండా తిరిగింది. కింద చూడాలని ఇసుకలో వెల్లకిలా పడుకున్నాను. వీపు కాలింది. కాలినా సరే, ఇంజను దగ్గర్నుంచి వెనక ఇరుసు దాకా పోయి వెనక చక్రాలను తిప్పే పొడవాటి షాఫ్టు కంటికి కనబడింది. పరీక్షలో ఎన్నోసార్లు బొమ్మ గీసిన షాఫ్టు నిజంగానే ఉంటుందని అప్పుడు నమ్మాను. లేచి, దొరికింది మామా అన్నాను.

మామ దగ్గరికి కూడా రాలేదు. "అల్లుడా, టాపు సూసినవా?"

"టాపుతోని మనకేం పని మామా. బాడీ పారేస్తరట."

"గట్ల నుజ్జయిందంటే లోపలున్నోడు ఏమైండు? పాణం పోయిన బండిరా అది. గా ఇంజన్ తెచ్చి ఆ పిలగాని బండికి పెడ్తవా? రేపు ఆయనకేమన్న అయితే నువ్వు జవాబిస్తవా?"

నేను చదువుకున్నవాడిని. ఇలాంటివి నమ్మను. నమ్మను గానీ, ఒకసారి ఎవరైనా అన్నాక ముందుకూ పోలేను.

రెండోది తెల్ల బండి. ఎవరో టీచరమ్మ నడిపినదట, ఒంటి మీద గీత లేదు, సీట్లకు కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. మామ ఎక్కాడు, ఏసీ వేశాడు, అరచెయ్యి పెట్టాడు. ఈసారి చాలాసేపు కళ్ళు తెరవలేదు. తర్వాత దిగి, నన్ను కూర్చోమని, తాను కంప్రెసర్ చూడటానికి బానెట్ ఎత్తాడు. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. చల్లగాలి మొహానికి తగిలింది, మెడలోకి దిగింది, కాలిన వీపు దాకా పోయింది. అర్బాబ్ చూడమన్నవి రెండు. ఇంజను నడుస్తోంది, చప్పుడు లేదు, అంటే ఒకటి అయిపోయింది. రెండోది ఒక్క నిమిషం పని. తలుపు తీయాలి, దిగాలి, ఆ ఇసుకలో మళ్ళీ పడుకోవాలి. ఆలోచించాను. ఇంత మంచి బండికి వెనక చక్రాలు తిరగకుండా ఎలా ఉంటాయి అనుకున్నాను. (తిరుగుతాయి. అన్ని బండ్లకూ తిరుగుతాయి. వాటిని ఎవరు తిప్పుతున్నారన్నదే అసలు సంగతి.)

"తీస్కో" అన్నాడు మామ, బానెట్ అవతలి నుంచి.

మామకు లైసెన్సు ఉంది కాబట్టి ఆయనే నడిపి తోటకు తెచ్చాడు. చిన్న అర్బాబ్ షెడ్డులోంచి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మామ తనకొచ్చిన హిందీలో, ఏసీ నంబర్ వన్ అని చెప్పాడు. అర్బాబ్ ఆయన వైపు చూశాడు, షెడ్డులో ఉన్న ఫ్రేము వైపు చూశాడు, తర్వాత, "మొహందిస్, కింద చూడు" అన్నాడు.

పడుకున్నాను. తోటలో నీడ, నేల కూడా కాలడం లేదు. మొదట ముందు నుంచి చూశాను, తర్వాత వెనక నుంచి చూశాను. మధ్యలో సైలెన్సర్ పైపు తప్ప ఇంకేమీ లేదు. ఆ పైపునే కాసేపు చూస్తూ ఉండిపోయాను. బయటికి రాబుద్ధి కాలేదు. అక్కడి నుంచి చూస్తే అర్బాబ్ చెప్పులు కనిపిస్తున్నాయి, అవి కదలడం లేదు.

"షాఫ్టు ఉందా?"

"లేదు అర్బాబ్."

బయటికి వచ్చి నిలబడ్డాను. ఇది ఎందుకు తెచ్చావని అడిగాడు. యార్డు చాచా మోసం చేశాడని చెప్పొచ్చు, మామ మీదికి తోసెయ్యొచ్చు. నా నోటికి మాత్రం నిజమే వచ్చింది. "ఏసీ బాగుంది అర్బాబ్."

ఆయన షెడ్డులోని ఫైబర్ బాడీ వైపు చాలాసేపు చూశాడు.

"మొహందిస్, నా కారుకు పైకప్పు లేదు."

"లేదు అర్బాబ్."

పక్కనుంచి మామ నా చెవిలో, "అద్దాలన్ని ఎక్కిచ్చుకుంటే కొంత సల్లదనం ఆగుతదని చెప్పురా" అన్నాడు. నేను చెప్పలేదు. అప్పటికే నాకు ఏడుపు వస్తోంది. వర్క్‌షాపు పోయింది, బహుశా స్టోర్ కూడా పోయింది, ఇంక దాచి ఏం లాభమని అంతా చెప్పేశాను. మూడేళ్ళ అనుభవం అబద్ధమనీ, నేను చేయి పెట్టింది ఒకే ఇంజననీ, అదీ సగమేననీ చెప్పాను.

"నాకు తెలుసు" అన్నాడు అర్బాబ్. "నీ గోళ్ళు చూశాను. మూడేళ్ళు ఇంజను పని చేసినవాడి గోళ్ళు అంత శుభ్రంగా ఉండవు."

"మరి నన్నే ఎందుకు పంపారు అర్బాబ్?"

ఆయన ఆ చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. "వర్క్‌షాపులో వాళ్ళందరికీ పని వచ్చు. వాళ్ళను తెస్తే నాకు ఏమీ రాదని మా నాన్నకు తెలిసిపోతుంది. ఇదంతా నాకు వచ్చని ఆయనకు చెప్పాను." తన గోళ్ళు చూసుకున్నాడు. "నేను సగం ఇంజను కూడా చూడలేదు."

మర్నాడు తెల్ల బండిని తిప్పి ఇచ్చేసి, బూడిద బండిని తెచ్చుకోవడానికి మళ్ళీ మేమిద్దరమే పోయాం. చాచా మార్చుకుని, బూడిద బండిని లారీ ఎక్కించే ఏర్పాటు చేశాడు. మామ ఉండబట్టలేక, ఈ బండిలో ఎవరు పోయారని అడిగాడు. ఎవరూ పోలేదట. ఇంటి ముందు ఆపి ఉంటే మేడ మీది నీళ్ళ ట్యాంకు జారి పడిందట, లోపల మనిషే లేడట. మామ కాసేపు ఆ టాపును చూసి, "అయినా ఓ కొబ్బరికాయ కొడ్దాం తియ్" అన్నాడు. ఏమీ కానిదానికి ఎందుకు మామా అంటే, "కొట్టకపోతే నాకు నిద్ర వట్టదు" అన్నాడు. కొట్టాం. చాచాకు కూడా ఒక ముక్క పెట్టాం.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అర్బాబూ నేనూ ఆ షెడ్డులోనే. ఫోన్లో వీడియో పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, ఒక్కో బోల్టు ఊడదీశాం. ఊడదీసినవన్నీ మళ్ళీ బిగించాక కొన్ని మిగిలాయి, మళ్ళీ విప్పాం. ఇంజను ఫ్రేములో కూర్చున్న రోజు అర్బాబ్ నన్ను కావలించుకుంటే ఆయన తెల్ల అంగీ నిండా నా చేతుల గ్రీజు అయింది, ఆయన పట్టించుకోలేదు. నాకు అంత సంతోషం ఒమన్‌లో అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు. చలికాలం వచ్చేసరికి ఆ కారు తోటలో ఈ చివర నుంచి ఆ చివరకు తనంతట తాను పోయింది. ఒకసారి వెనక్కి కూడా వచ్చింది.

మరుసటి వారం అర్బాబ్ నన్ను వర్క్‌షాపు ఫోర్‌మన్ ముందుకు తీసుకుపోయాడు. ఫోర్‌మన్ చేతిలో నా సీవీ ఉంది. దాన్ని పైనుంచి కింది దాకా చదివి, కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, అనుభవం ఎంత అని అడిగాడు. నా వెనక అర్బాబ్ గోడకున్న పానాలను ఒకటొకటిగా చూస్తున్నాడు. మూడేళ్ళు అనే మాట నాలుక చివర దాకా వచ్చింది.

"ఒక బండి సార్" అన్నాను. "అది కూడా రెండోసారికి."

ఫోర్‌మన్ సీవీని మడిచి జేబులో పెట్టుకుని, రేపు ఏడింటికి రమ్మన్నాడు.

ఇప్పటికీ ఆ వర్క్‌షాపులోనే ఉన్నాను. నా గోళ్ళను ఎవరూ అనుమానించరు. అనుభవం ఎంత అని ఎవరైనా అడిగితే ఇన్నేళ్ళు అని చెప్తాను, అందులో అబద్ధం లేదు, వాళ్ళు మర్యాదగా తలూపుతారు. ఇన్నేళ్ళలో రెండోసారికి గానీ కుదరని బండ్లు ఎన్ని ఉన్నాయో మాత్రం చెప్పను. అవి చాలానే ఉన్నాయి. ఫోర్‌మన్ ముందు నిలబడి ఉన్నదంతా చెప్పేసిన ఆ కుర్రాడిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. వాడి ధైర్యం ఎటు పోయిందో తెలియదు.