పిల్లప్ప నీళ్లు పోశాడు

“పిల్లప్ప నీళ్లు పోయలేదు, నారు గిడసబారింది.” 1996లో బెంగళూరు శివారులోని ఒక పరిశోధన తోటలో అధికారి రిజిస్టర్‌లో ఈ ఒక్క వాక్యం రాసి, పద్దెనిమిదేళ్లుగా రాగి పైరు పెంచే తొట్లకు నీళ్లు పోస్తున్న మనిషిని పనిలోంచి తీసేశాడు. పక్క తొట్లలో పైరు మోకాలెత్తు ఉంటే, ఒక్క తొట్లో మాత్రం జానెడే ఉంది.

“వేలు పెట్టి చూడండి సార్, మట్టి తడిగానే ఉండాది,” అన్నాడట పిల్లప్ప. ఆయన పెట్టలేదు. అలాంటివాళ్లు మట్టిలో వేలు పెట్టరు.

నారు పలచన చేసేటప్పుడు కురచ మొక్కను పీకి పారేయడం రాగి పండించేవాళ్ల అలవాటు. కోలారు వైపు పుట్టిన పిల్లప్ప బతుకంతా అలాగే పీకాడు. ఆ రోజు మాత్రం చెత్తగుంటలో పడేసిన ఆ తొట్టి మొక్కలను ఏరుకొచ్చి, మడివాళలో తన గది ముందు నూనె డబ్బాల్లో నాటాడు. బళేపేటలో మూటలు మోయడానికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి నీళ్లు పోసేవాడు.

“నాకు ఒక బిందె తెమ్మంటే నడుం నొప్పి. ఆ గిడ్డదానికి మాత్రం రెండు పూటలా అభిషేకం!” అనేది భార్య మారెమ్మ.

“నాకు సాక్షి అదే. ఊరుకోమ్మే.”

మొక్కలు ఎదగలేదు గానీ కంకి వేశాయి. ఆ గింజల్ని బూడిదలో కలిపి దాచి మరుసటి ఏడు చల్లాడు. మళ్లీ జానెడే. ఏడేళ్లూ అంతే.

2003లో ఆ తోటకు సుమ అనే పరిశోధక విద్యార్థిని వచ్చిందని విని, ఒక డబ్బా నెత్తిన పెట్టుకుని పోయాడు. ఆమె మట్టిలో వేలు పెట్టి చూసింది. తర్వాత ఆకుల మీద ఏదో మందు చల్లింది. మూడు వారాల్లో గిడ్డ పైరు తోటలోని మామూలు రాగి పైరును అందుకుంది.

“మీ తప్పేం లేదప్పా,” అంది. “పొడుగు కావడానికి మొక్క తనలోనే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ చేసుకుంటాది. అది చేయడానికి కావాల్సిన ఒక ఎంజైమ్ ఈ విత్తనంలో పుట్టుకతోనే చెడిపోయి ఉండాది. కావేరి అంతా తెచ్చి పోసినా ఎదగదు. నేను చల్లింది ఆ హార్మోనే.”

ఆమె థీసిస్ బళేపేటలో నేను పనిచేసే బైండింగ్ షాపుకే వచ్చింది. చేతికొచ్చిన ప్రతిదీ చదవడం నా జబ్బు. కృతజ్ఞతల పేజీలో ఆ అధికారి పేరు మొదట ఉంది, పిల్లప్ప పేరు చిట్టచివర. 2006లో ఆ పేజీ కాపీ తీసుకెళ్లి, మా వీధి మొదట్లో మూట దించుతున్న పిల్లప్పకు చదివి వినిపించాను. అదే ఆఖరిసారి అతన్ని చూడటం. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అంతా విన్నాడు.

“సంతోషమప్పా. సుమమ్మ మంచిది,” అన్నాడు. “అది సరే, ఆ రిజిస్టర్‌లో మాట కొట్టేసినారా? నీళ్లు పోసినాడని రాసినారా?”