భూస్థాపన నాటి నవ్వు

మార్గరెట్‌కి కళ్ళు తెరిచుండగానే కలలొచ్చేవి. బర్మాలో, సంచౌంగ్ పేటలో వీధి వైపు గదిలో కుట్టు మిషను ముందు కూర్చుని, రవికె అంచు కుడుతూ ఎక్కడికో వెళ్ళిపోయేది. తిరిగొచ్చేసరికి అంచు తిన్నగానే ఉండేది. చేతులు ఇక్కడ, తను మరెక్కడో. అరవై దగ్గర పడ్డా ఆ అలవాటు పోలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారాలు తెలుగు చర్చిలో రెండో వరసలో నిలబడి పాడేది. అంతే ఆమె జీవితం, ఎవరైనా అడిగితే.

చిన్ననాటి నుంచి తోడున్న ఎస్తేరు రాణి ఈ జనవరిలో చనిపోయింది. భూస్థాపన ఆరాధనకి రాలేని బంధువుల కోసం ఎవరో ఫోన్లో అంతా చూపించారు. పక్క కిటికీలోంచి పొద్దుటి ఎండ పెట్టె మీద పడి, నున్నటి నేల మీదకి జారింది. నేల నీళ్ళలా మెల్లగా కదిలినట్టనిపించింది మార్గరెట్‌కి. పాట సాగుతూనే ఉంది, ఆమె గొంతు అందులోనే ఉంది. కానీ ఆమె లేదు. మూడో చరణం మధ్యలో నవ్వింది. చిన్న నవ్వు కాదు, పళ్ళన్నీ కనిపించే నవ్వు.

ఆ వీడియో ముక్కని ఎవరో కత్తిరించి, ‘శవం ముందు నవ్వుతున్న భక్తురాలు’ అని పేరు పెట్టి వదిలారు. సాయంత్రానికి అది తెలుగువాళ్ళని దాటి బర్మావాళ్ళ ఫోన్లలోకి వెళ్ళింది. ఎస్తేరు రాణి ఎవరో తెలియనివాళ్ళు ఆమె తరఫున మండిపడ్డారు. ఒకరు పాత పగ అన్నారు. ఇంకొకరు మతి చెడిందన్నారు. ఇలాంటివాళ్ళని చర్చి గుమ్మం తొక్కనివ్వకూడదని వందలమంది ఒప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురైతే మనిషిని పంపి, కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కి తెప్పించుకున్నారు.

చిమిండైంగ్ బజారులో చేపలమ్మే అప్పలనరసమ్మ కత్తి ఆపి అడిగింది.

“ఏటమ్మా, నిజంగా నవ్వినావా?”

“నవ్వినాను.”

“అయ్యో. నేదని సెప్పీకపోయినావా, ఆ ఫోనోళ్ళకి?”

“నవ్వినాను గదే.”

అప్పలనరసమ్మ చేప ముక్కలు సంచిలో వేసింది.

చర్చి పెద్ద నాథన్ ఎప్పుడూ ఆమెని అక్కా అని పిలిచేవాడు. ఆ వారం ఆమె ఇంటి గుమ్మంలోనే నిలబడి, బర్మావాళ్ళు పెద్ద ఆడవాళ్ళని పిలిచినట్టు పిలిచాడు.

“డో మార్గరెట్, ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్క మాట సెప్పీండి. తప్పయిందనండి, సాలు. అందరూ నన్నే అడుగుతున్నారు.”

“ఎడ్విన్ రాజు అడిగినాడా?”

ఎడ్విన్ రాజు ఎస్తేరు రాణి భర్త. నాథన్ తల దించుకున్నాడు.

“ఆయనేటీ అన్లేదు.”

ఆదివారం చర్చి నిండిపోయింది. ఎన్నాళ్ళుగానో రానివాళ్ళూ వచ్చారు. మార్గరెట్ ముందుకొచ్చి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

“నాను నవ్విన మాట నిజమే. ఆ ఎండ సూసేసరికి ఏరు దాటే దలా పడవ మీదున్నట్టయిపోనాది. మాకు అప్పుడు ఇరవయ్యేళ్ళు ఉంటాయేటో. రాణి సొరకాయ బజ్జీ నోట్లో ఎట్టుకోబోతంటే నీటికాకొచ్చి తన్నుకుపోనాది. రాణి ఆ కాకినట్టుకుని తిట్టింది సూడండి, పడవ పడవంతా నవ్వినాది. పెట్టెలో ఉన్న మనిషి నా పక్కన నిలబడి తిడతంటే, నవ్వకేటి సేస్తాను?”

వెనక వరసలో ఒకామె, ఇది క్షమాపణ కాదని పక్కామెతో గొణిగింది. నాథన్ లేచి ప్రార్థనతో ముగిద్దామనుకునేంతలో ముందు బల్ల మీంచి ఎడ్విన్ రాజు గొంతు వినిపించింది.

“ఏటని తిట్టింది?”

మార్గరెట్ అతనికేసి చూసింది.

“సెప్పు మార్గరెట్. నాకాడ ఎప్పుడూ నోరిప్పి తిట్టలేదది. పెళ్ళికి ముందు దాని సంగతులు నాకేటీ తెల్దు. ఏటని తిట్టింది?”

ఆమె చెప్పింది. చర్చిలో అనదగ్గ మాట కాదు. ఎడ్విన్ రాజు భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనకవాళ్ళకి తెలియలేదు. పక్కనున్నవాళ్ళకీ సరిగ్గా తెలియలేదు.

ఫోన్లలో కోపం ఇంకొన్నాళ్ళుండి, తడిసిన కుక్కని బస్సులోంచి దింపేసిన కండక్టరు మీదకి మళ్ళింది. వెనక్కి తీసుకున్న గుడ్డలు కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. మార్గరెట్ మళ్ళీ రెండో వరసలో నిలబడింది. ఆ వెనక వరస ఆమె మాత్రం ఇప్పటికీ పలకరించదు.

శనివారం సాయంత్రాలు ఎడ్విన్ రాజు సంచౌంగ్ వచ్చి, మిషను పక్కన ముక్కాలి పీట మీద కూర్చునేవాడు. పెళ్ళాం పోయి నెల తిరక్కుండానే అని వీధిలో కొత్త గొణుగుడు మొదలైంది. మార్గరెట్ మిషనుని గుమ్మం దగ్గరికి లాగి, తలుపులు బార్లా తెరిచింది. చూడ్డానికొచ్చినవాళ్ళు వినడానికి నిలబడ్డారు. ఆమె కుడుతూ చెప్పేది: రాణి వానలో చెప్పులు పోగొట్టుకున్న రోజు, రాణి జ్వరంలో పాడిన పాట. కొన్ని నిజంగా జరిగినవో, కుడుతూ కుడుతూ తను కన్న కలలో ఆమెకే తెలిసేది కాదు.

నిజమేనా అని అతను ఒక్కసారీ అడగలేదు. కళ్ళు మూసుకుని, “ఆ తరవాత?” అనేవాడు.