అమ్మా అంటే పెద్దమ్మ పలికేది

పచ్చి బుడ్డలు ఉప్పు వేసి కుక్కర్లో పెడితే, మూడో కూత వచ్చేసరికి కర్నూలులోని మా అపార్టుమెంటు వంటిల్లంతా తడిమట్టి వాసన కమ్ముకుంటుంది. వేరుశనక్కాయల్ని మా వైపు బుడ్డలంటాం. ఆ మాట విని నవ్వే కోస్తా స్నేహితురాళ్లు నాకిద్దరున్నారు, నవ్వుతూనే గిన్నె ఖాళీ చేసి పోతారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం అందరం చుట్టూ కూర్చుని ఒలుచుకుంటుంటే, "చిన్నమ్మా, ఉప్పు సరిపోయిందా?" అని మా అమ్మను అడిగాను. నా కూతురి కాలేజీ స్నేహితురాలు తలెత్తి, "ఆవిడ మీ పిన్నిగారా ఆంటీ?" అంది. కాదు, కన్నతల్లే అన్నాను. ఆ పిల్ల నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసి, ఇదేదో పెద్దవాళ్ల గొడవలే అనుకుందో ఏమో, మళ్లీ బుడ్డల్లో చెయ్యి పెట్టింది. అమ్మ మాత్రం అప్పటిదాకా ఒలుస్తున్న కాయను ఒలవకుండానే గిన్నెలో వేసేసింది.

నందికొట్కూరు దగ్గర పల్లెలో మాది మట్టిమిద్దె. నడవంతా నాపబండలు పరిచి ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నం వాటిమీద నీళ్లు చల్లి బోర్లా పడుకుంటే పొట్టకు తగిలే చల్లదనం ఇప్పటి ఏసీ గదుల్లో నాకు దొరకలేదు. పెదనాన్న, మా నాన్న కలిసే సేద్యం చేసేవారు, ఇంటికంతా ఒకటే పొయ్యి. పొయ్యి పెద్దమ్మది, పొలమూ గొడ్లూ మా అమ్మవి. అలా అని ఎవరూ పంచి ఇవ్వలేదు. పెద్దకోడలు వండుతుంది, చిన్నకోడలు పొలానికి పోతుంది, అంతే. పెద్దమ్మకు నాకంటే పెద్దవాళ్లు ఇద్దరు పిల్లలు, ఒక అన్న, ఒక అక్క. వాళ్లు పెద్దమ్మను అమ్మా అనేవారు, మా అమ్మను చిన్నమ్మా అనేవారు. మా అమ్మేమో పెద్దమ్మను అక్కా అనేది. నాకు మాటలు వచ్చే వేళకు ఇంట్లో మోగుతున్న పిలుపులు అవే కాబట్టి నేనూ అవే నేర్చుకున్నాను. నాన్నను కూడా చిన్నాయనా అనే పిలిచేదాన్ని. ఆయనకు అదేమీ పట్టేది కాదు, ఎట్ల పిలిచినా మంచినీళ్ల చెంబు చేతికొస్తే చాలనుకునే మనిషి.

తెల్లవారి జొన్నరొట్టె తట్టే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. ఆ చప్పుడు వెంబడే నడిచిపోయి పొయ్యి పక్కన చతికిలబడితే, పెద్దమ్మ పెనం మీది మొదటి రొట్టెను నాలుగు మడతలు వేసి, మధ్యలో ఇంత వెన్న, రోట్లో నూరిన బుడ్డల ఊరిబిండి ఇంత పెట్టి చేతికిచ్చేది. ఉగాదికి ఓళిగలు చేసినప్పుడు పూర్ణం ముద్ద ఒకటి ఎవరికీ కనపడకుండా నా నోట్లో పడేది. పీర్ల పండగ వచ్చిందంటే పెద్దమ్మ నన్ను చంకనేసుకుని చావిడి దగ్గరికి తీసుకుపోయి, బెల్లం పానకం పంచిపెట్టి, సాయిబు చేత నా మొహం మీద నెమలీకల కట్టతో విసిరించేది. బుడ్డలు పీకే రోజుల్లో కల్లంలో చెట్లు కుప్పలుగా పడి ఉంటే, ఆడవాళ్లంతా చుట్టూ చేరి కాయలు తెంపుతుంటే, నేనూ అక్కా ఆ కుప్పల చాటున అచ్చనగండ్లు ఆడేవాళ్లం. మా జేజి, అంటే నాన్నవాళ్ల అమ్మ, వక్కాకు నములుతూ మంచం మీది నుంచే అందరి పనికీ వంకలు పెట్టేది. మా అమ్మ నాకు పొద్దుగూకే వేళకు కనిపించేది, కొంగుకు పల్లేరుకాయలు అంటుకుని, ఒళ్లంతా పశువుల వాసనతో. వచ్చీ రాగానే ఎత్తుకోబోతే నేను పెద్దమ్మ కొంగు చాటుకు పోయేదాన్ని.

ఒకసారి ఊరి గాజులామె మా నడవలో మలారం దించి, నా చెయ్యి వత్తుతూ పలకరించింది.

"మీయమ్మ యాడుండాది పాపా?"

నేను పొయ్యి వైపు వేలు చూపించాను. నా పక్కనే కూర్చుని నా గాజులకు రంగులు ఎంచుతున్నది మా అమ్మ. అందరూ పడీ పడీ నవ్వారు, జేజి అయితే వక్కాకు గొంతుకడ్డం పడి కొరబోయిందాకా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నవ్వి, గొడ్లకు నీళ్లు పెట్టాలని లేచి పోయింది. ఆ రోజు తను గాజులు వేయించుకోలేదు.

జేజి పోయిన మరుసటేడు అన్నదమ్ములు వేరుపడ్డారు. కొట్లాటేమీ లేదు, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, ఎవరి సేద్యం వాళ్లు చూసుకుంటే మంచిదని అనుకున్నారు. వాకిలికి అడ్డంగా ఛాతీ ఎత్తున ఒక గోడ లేచింది, ఇవతల మా అమ్మకు కొత్త పొయ్యి వచ్చింది. ఆ పొయ్యికి ఎర్రమన్ను పూసి, ముగ్గు పెట్టి, పాలు పొంగించి, అమ్మ నన్ను ముందర కూర్చోబెట్టుకుంది. అప్పుడు నాకు ఆరేళ్లు.

"ఇంగ మన ఇల్లు వేరే. నన్ను అమ్మా అనాల. అను సూద్దాం."

"ఎందుకు చిన్నమ్మా?"

బుడ్డల ఉండ ఆశ చూపింది. ఉండ తిని, మూతి తుడుచుకుని, చిన్నమ్మా ఇంకోటి అని అడిగాను. తలచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది గాని, ఆమె మొహం అప్పుడెలా మాడిపోయిందో కూడా గుర్తుంది. మరునాటి నుంచి చిన్నమ్మా అంటే పలకడం మానేసింది. అన్నం కావాలన్నా, జడ వేయాలన్నా పిలిచీ పిలిచీ గొంతు పోయేది, ఆమె వీపు తిప్పుకుని పని చేసుకునేది. మొండితనంలో నేనూ ఆమె కూతురినే కదా, పిలవడమే మానేసి కొంగు పట్టి గుంజడం మొదలుపెట్టాను.

కడుపులో దుఃఖం పట్టలేక ఒకరోజు గోడ చుట్టూ తిరిగిపోయి పెద్దమ్మ దగ్గర నిలబడి అమ్మా అన్నాను. పెద్దమ్మ జొన్నపిండి కలుపుతూ ఉంది. తలెత్తలేదు. మళ్లీ పిలిచాను.

"నేను పెద్దమ్మను బంగారూ. మీయమ్మ ఆ పక్క ఉండాది, పో."

తలుపు చాటున అక్క నిలబడి చూస్తోంది. పెద్దమ్మ పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది. తోడికోడళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. అప్పుడు తెలిసిందల్లా ఒక్కటే, ఇటు పిలిచినా అటు పిలిచినా పలికేవాళ్లు లేరు. రెండు ఇళ్ల మధ్య నిలబడి నేనంత ఏడుపు మళ్లీ ఏడవలేదు.

ఆ ఏడు బుడ్డలు పీకాక, చెట్ల కుప్ప మా వాకిట్లోనే వేశారు. కుప్ప కింద చెయ్యి పెట్టి కాయలు ఏరుకుంటుంటే చిటికెన వేలి దగ్గర నిప్పు పెట్టినట్టయింది. తేలు. అమ్మా అని ఒక్క కేక పెట్టాను. గోడకు అవతల పెద్దమ్మ, ఇవతల పశువుల దగ్గర అమ్మ, ఇద్దరూ చేతిలో పని విసిరేసి పరుగెత్తుకొచ్చారు. అమ్మ ముందు అందుకుంది. నన్ను గుండెకు అదుముకుని, "వచ్చినా బంగారూ, వచ్చినా" అంటూ తనే ఏడ్చింది. చింతగింజ అరగదీసి కుట్టిన చోట అతికించింది, రవ్వంత సేపు కూడా ఒళ్లో నుంచి దించలేదు. అమ్మ భుజం మీద నుంచి చూస్తే, గోడ మీద రెండు చేతులూ ఆనించి పెద్దమ్మ నిలబడి ఉంది. నేను కేక పెట్టింది ఆమె కోసం. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి లోపలికి పోయింది.

అమ్మ మాత్రం ఆ సంబరాన్ని ఊరంతా పంచింది. తేలు కుడితే నా బిడ్డ నన్నే పిలిచిందని నీళ్లకు పోయిన చోటా, కలుపుకు పోయిన చోటా చెప్పుకుంది. ఆ తర్వాత చిన్నమ్మా అన్నా పలికింది, ఒకసారి విన్నా చాలన్నట్టు. నేను పెద్దమ్మను పెద్దమ్మా అనడం నేర్చుకున్నాను. అలా ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా పోయింది. తేలు కుట్టిన రోజు తర్వాత నేను ఎవరినీ అమ్మా అని పిలవలేదు. ఆ కేక ఎవరికోసమో అమ్మకు చెప్పే ధైర్యమూ రాలేదు.

పెద్దమ్మ పోయి ఏళ్లయింది. మిద్దె కూలింది, గోడ కూడా లేదు, ఆ జాగాలో ఎవరిదో స్లాబు ఇల్లు లేచింది. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. నా కూతురు నన్ను మమ్మీ అంటుంది. ఇంట్లో ఆ పిలుపుకు పలికేది నేనొక్కదాన్నే కాబట్టి దానికి పొరబడే వీల్లేదు. ఎవరి పొయ్యి దగ్గర పడితే వాళ్ల పొయ్యి దగ్గర పెరిగే పిల్లలూ, పక్కావిడ బిడ్డకు ముందు రొట్టె పెట్టే ఆడవాళ్లూ ఇప్పుడు ఎక్కడున్నారో నాకు తెలియదు. ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఒకరి గుండె ఎంత నలిగిందో మాత్రం తెలుసు.

ఆదివారం ఆ పిల్ల వెళ్లిపోయాక, అమ్మ సోఫాలో ఒరిగి కునుకు తీసింది. టీ తీసుకుపోయి పక్కన నిలబడ్డాను. యాభై దాటాక, ఆ మాటను మళ్లీ నోట్లోకి తెచ్చుకున్నాను.

"అమ్మా," అన్నాను.

అమ్మ ఉలిక్కిపడి లేచింది. నా వైపు చూడలేదు. చెదిరిన పైట సర్దుకుంటూ, నన్ను దాటి వాకిలి వైపు చూసింది.

"అక్క వచ్చిందా?"

"లేదు. నిన్నే పిలిచినా."

కళ్లు నులుముకుని నా వైపు తిరిగింది. నిద్రమత్తు వదిలాక మెల్లగా అంది.

"తేలు కుట్టిన దినం గూడా అక్కనే గదా నువ్వు పిలిచింది. నాకు తెల్సులే. అక్క గోడ దాటొచ్చే లోపల నేను ఎత్తుకుంటి, అంతే."

టీ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. అమ్మ దాన్ని అందుకుని పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుంది.

"ఇంగోసారి పిలువు. ఈతూరి నేను పలుకుతా."